ధర్మరాజు తాళం

మాంగో, జంషెడ్‌పూర్
3 జనవరి 2024

సూర్యానికి,

వదిన కస్తూరమ్మ రాస్తున్నది. ప్రతి నెలా మొదటి తారీఖున నీకు ఉత్తరం రాసే మనిషి ఇక లేరు. నవంబరు పంతొమ్మిది, ఆదివారం నాడు, బజారు నుంచి వచ్చి కూరల సంచి నా చేతికిచ్చి, తురాయి చెట్ల కింద కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగారు. నేను తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం గానీ, అక్కడ డాక్టరు చెయ్యి పట్టుకు చూసి వదిలేశాడు.

నీకు ఫోను చేస్తే వినపడదు. మిల్లు పక్కన ముప్పయ్యేళ్ళు పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వెళ్ళావు. అందుకని ఉత్తరమే రాయాలి. ఆరు వారాలుగా రాయాలనుకుంటూనే ఉన్నాను. డిసెంబరులో నీ ఉత్తరం వచ్చింది. "ఒరే ధర్మా, ఈ నెల ఉత్తరం ఏదిరా, కలానికి జ్వరం వచ్చిందా?" అని రాశావు. దాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. ఆయన్ని ఒరే అని పిలిచేవాళ్ళు నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు. ఈ ఉత్తరం నీకు చేరితే నువ్వు కూడా పిలవడం మానేస్తావు.

తర్వాత ఏం రాయాలో తెలియడం లేదు.

(ఇది పోస్టు చెయ్యలేదు. బియ్యం డబ్బాలో పెట్టాను. 5వ తారీఖు.)


మాంగో, జంషెడ్‌పూర్
6 జనవరి 2024

సూర్యానికి,

వదిన ఆశీస్సులు. మీవాడికి చలికి చెయ్యి వణుకుతోంది, కలం నిలవడం లేదు. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను. కంగారు పడాల్సిందేమీ లేదు.

ఒక చిక్కు వచ్చింది. మా గృహప్రవేశం ఏడాది నువ్వు సైకిలు మీద తెచ్చి నాటిన తురాయి మొక్కలు రెండూ ఇప్పుడు ఇంటిని మించిపోయాయి. వెనక మూడంతస్తుల మేడ లేచాక ఎండ అందక రెండూ రోడ్డు వైపు ఒరిగాయి. కొసలు హైటెన్షన్ తీగకి బారెడు దూరంలోకి వచ్చాయి. పక్కింటి తివారీ గారు రోజూ గోడ మీంచి చూసి నిట్టూరుస్తున్నారు. కరెంటు ఆఫీసు వాళ్ళు గేటుకి కాగితం అంటించి వెళ్ళారు. చైత్రంలో కాల్‌బైశాఖి గాలివానలు లేచేలోపు కొట్టించాలట. చెట్టు మీది కాబట్టి మనుషుల్ని మీరే పెట్టుకోండి, రోజు చెబితే లైను మేం ఆపుతాం అన్నారు.

ఎలా కొట్టించాలో నువ్వే చెప్పాలని మీవాడి మాట. బరువులు కట్టి దింపే పనిలో పుట్టిన కలాసీవి నువ్వు, తాను ఎలక్ట్రీషియన్ మాత్రమే అంటున్నారు.

కస్తూరమ్మ


సోంపేట
17 జనవరి 2024

ఒరే ధర్మా,

బతికే ఉన్నావన్నమాట. రెండు నెలలు ఉత్తరం లేకపోతే పోస్టుమాన్‌తో తగువు పెట్టుకున్నాను. అతనేదో సమాధానం చెప్పాడు, నాకు మూతి కదలడమే కనబడింది. చెయ్యి వణికితే వేడినీళ్ళలో పెట్టు. చెయ్యి వణుకుతోందని పెళ్ళాం చేత ఉత్తరాలు రాయించుకునే జమీందారు వేషం నాకు నచ్చలేదు.

చెట్ల సంగతి. ఎడమది నాది, కుడిది నీది అని పంచుకున్నాం, గుర్తుందా? ముందు నాది కొట్టించు. ఒరిగిన చెట్టు ఒరిగిన వైపే పడాలని చూస్తుంది. నీకేమో రెండో వైపు, ఇంటి పక్కనున్న పెరట్లోకి పడాలి. అందుకని మొదట్లో రంపం పెట్టనివ్వకు. పై నుంచి కొమ్మా కొమ్మా తాడుకి కట్టి దింపుకుంటూ రావాలి. తురాయి కొమ్మ పెళుసు. మనిషి దాని మీద బరువు పెట్టకూడదు, పక్కన నిచ్చెన వేసుకోవాలి, నడుముకి బెల్టు ఉండాలి.

అన్నిటికంటే ముందు లైను. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి చేతికందే ఎత్తులో స్విచ్చి పిడి ఉంటుంది. దాన్ని కిందికి లాగి, తీగలకి ఎర్తింగు గొలుసు తగిలించడం కళ్ళతో చూడు. "ఆపేశాం" అన్న మాట విని ఎవరినీ చెట్టెక్కించకు. పిడికి లైన్‌మాన్ తాళం వేస్తాడు. పక్కనే నీ తాళం కూడా వెయ్యి, అది ఉన్నంతసేపూ ఎవరూ కరెంటు వదల్లేరు. ఎర్ర రంగుది, నీ పేరు బిళ్ళ ఉన్నది, పారేయలేదు కదా? నవ్వుతారు, నవ్వనీ. తాళం వేసినవాడే తియ్యాలి, ఆ చెవి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. మన మిల్లు మనకి నేర్పిన ఒకే ఒక మంచి అలవాటు అది.

మీ గృహప్రవేశం నాడు వ్రతం పీటల మీద కూర్చున్నాక నడుముకి తాళంచెవి గుచ్చుకుని గతుక్కుమన్నావు. నైట్ షిఫ్టు దిగుతూ మిల్లు స్విచ్చికి వేసిన తాళం తియ్యడం మరిచిపోయావు. పట్టుపంచెతోనే గోల్‌మురి మిల్లు దాకా సైకిలు తొక్కావు. వదినమ్మ కొంగుముడి విప్పుకుని ఒక్కతే కూర్చుంది, పంతులు గంటన్నర విసనకర్రతో విసురుకున్నాడు. నువ్వు రాకపోతే మిల్లువాళ్ళు ఏం చెయ్యాలి? కాగితం రాయాలి. మనిషి ఎందుకు రాలేడో రాసి, ఇన్‌చార్జి ఒక సంతకం, జోడీ పనివాడు ఒక సంతకం పెడితేనే ఆ తాళం ముట్టుకోవాలి. నీ జోడీగా నేను ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంతకం పెట్టలేదు. అది నా గొప్ప.

వదినమ్మకు నమస్కారాలు.

సూర్యం


మాంగో, జంషెడ్‌పూర్
8 ఫిబ్రవరి 2024

సూర్యానికి,

నీ ఉత్తరం పైకి చదివాను. పీటల కథ దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నాకు ఎంత కోపం వచ్చిందో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

తాళం ఉంది. ట్రంకు పెట్టెలో, బేరింగు గ్రీజు పూసిన గుడ్డలో చుట్టి ఉంది. చెవి కూడా దాంతోనే ఉంది.

చెట్టు కొట్టేవాడు దొరికాడు. ఆదిబాబు అని, టెక్కలి దగ్గరివాడు, సోనారిలో ఉంటాడు. చెట్లని చూసి, "ఏటమ్మా, దీనికింత తాత్సారమేటి? మొదట్లో రంపం ఎట్టేత్తే గంటలో రెండూ పడిపోతాయి. తీగ సంగతి నాను సూసుకుంతాను" అన్నాడు. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. కాసేపు బుర్ర గోక్కుని, "ఇది రాసినోడు కలాసీ ఏటి?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఆయన సెప్పినట్టే సేత్తాను. మిగతాది కూడా రాయించమ్మా" అన్నాడు.

మొదలు ఎలా కొయ్యాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో రాయి.

మీవాడు మాట్లాడటం బాగా తగ్గించారు. పొద్దున రెండు గ్లాసుల టీ పెడతాను, ఒకటి చల్లారిపోతుంది. నేనే మళ్ళీ వేడి చేసుకుని తాగుతాను. చలికాలం సాయంత్రాలు ఇక్కడ ఎంత తొందరగా చీకటి పడుతుందో నీకు తెలుసు. ఈ ఏడాది మరీ తొందరగా పడుతున్నట్టుంది.

కస్తూరమ్మ


సోంపేట
20 ఫిబ్రవరి 2024

ఒరే ధర్మా,

ఇది పని ఉత్తరం. నవ్వకుండా చదువు, ఆదిబాబుకి రెండుసార్లు చదివి వినిపించు.

కొమ్మలన్నీ దిగాక మొద్దు మిగులుతుంది. పడాల్సిన వైపు, అంటే పెరటి వైపు, మూడో వంతు లోతుకి గాటు కొట్టాలి. వెనక నుంచి కోసేటప్పుడు మధ్యలో మూడు వేళ్ళ మందం చెక్క వదలాలి. తలుపుకి బందు ఎలాంటిదో చెట్టుకి ఆ చెక్క అలాంటిది, అదే దాన్ని తిప్పుతుంది. ఒక్క ఊపులో వెనక నుంచి కోసేస్తే మొద్దు నిలువునా చీలి కోసేవాడి ముఖం మీదికి లేస్తుంది. రంపం పెట్టేముందే పై నుంచి తాడు కట్టి చైన్ కప్పీతో పెరటి వైపు బిగించాలి. నా చెట్టు కొట్టేటప్పుడు కప్పీని నీ చెట్టు మొదలుకి కట్టు. నీది కొట్టేటప్పుడు నా మొద్దుకి కట్టు. నా మొద్దు ఊడదు.

మనుషులు. ఆదిబాబు, కప్పీ లాగేవాళ్ళు కాక ఇంకా ఇద్దరు కావాలి. ఒకరు చెట్టు కొసని మాత్రమే చూస్తూ నిలబడాలి. కొస వెనకాల ఏదో ఒక కదలని వస్తువుని గురి పెట్టుకోవాలి. కొస రోడ్డు వైపు జానెడు జరిగినా స్టీలు కంచం మోగించాలి, మోగగానే రంపం ఆగాలి. అది నువ్వు. రెండోవారు గేటు దగ్గర నిలబడి పురుగుని కూడా రానివ్వకూడదు. అది వదినమ్మ. ఒకే మనిషి రెండూ చెయ్యలేడు. పైకి చూసేవాడికి కింద కనబడదు. ఇద్దరు లేకపోతే పని పెట్టుకోవద్దు.

ఒక మాట చాలా రోజులుగా అడగాలనుంది. రిటైరైన వారం నేను చెప్పకుండా రైలెక్కేశాను. మీ గేటు దాకా వచ్చాను. నువ్వు ఆ చెట్ల కింద పేపరు చదువుకుంటున్నావు. వెళ్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు, వెనక్కి తిరిగిపోయాను. ఐదేళ్ళు నువ్వు ఒక్కసారీ ఎందుకని అడగలేదు. ఇప్పుడు వదినమ్మ చేత రాయిస్తున్నావు. కోపం ఉంటే ఉండనీ. ఉత్తరం కింద నీ చేత్తో ఒక గీత గియ్యి. వంకరగా ఉన్నా ఫరవాలేదు. ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా నాకు వినబడదు. నీ చేతిరాత చూసి చాలా రోజులైంది.

సూర్యం


మాంగో, జంషెడ్‌పూర్
22 మార్చి 2024

సూర్యానికి,

హోళీ అయ్యాక, 28వ తారీఖు గురువారం ఖాయం చేశారు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లైను ఆపుతారు. నువ్వు చెప్పినట్టే అంతా జరుగుతుంది. మనుషులు సరిపోతారు.

మీవాడికి నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. నువ్వు గేటు దగ్గర నిలబడటం ఆ రోజే చూశారట. పిలిస్తే నువ్వు ఏడుస్తావని పిలవలేదని నాతో అప్పుడే అన్నారు. ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఆయన మాట.

గీత గియ్యలేకపోయారు.

కస్తూరమ్మ


మాంగో, జంషెడ్‌పూర్
30 మార్చి 2024

సూర్యానికి,

ఈ కవరులో ఇంకా రెండు కాగితాలు ఉన్నాయి. బియ్యపు పిండి అంటుకున్నది ముందు చదువు. అది జనవరిలో రాసింది. అది చదివాక దీని దగ్గరికి రా.

చదివావు కదా. ఇప్పుడు జరిగింది జరిగినట్టు చెబుతాను.

లైన్‌మాన్ రాజ్‌కిరణ్ అని మనవాళ్ళ పిల్లవాడే, ముప్పయ్యేళ్ళుంటాయి. అమ్మానాన్నలది పలాస. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. లైన్ల పనిలోకి రాకముందు కార్ఖానాలో కాంట్రాక్టు పని చేశాడట. పిడి లాగి, ఎర్తింగు గొలుసు తగిలించి, తన తాళం వేశాడు. నేను ఎర్ర తాళం తీశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బిళ్ళ తిప్పి పేరు చదివి, తన పుస్తకంలో ధర్మరాజు అని రాసుకుని, "చాచా కహాఁ హైఁ?" అని అడిగాడు. ఇంట్లో ఉన్నారన్నాను. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

నీ చెట్టు చక్కగా పడింది. కొమ్మలన్నీ దిగాయి, గాటు, బందు, కప్పీ అన్నీ నువ్వు చెప్పినట్టే. పెరట్లో మెత్తగా పడుకుంది. ఆదిబాబు నా వైపు చూసి, "ఆ కలాసీబాబుకి నా దండాలు రాయండమ్మా" అన్నాడు.

రెండో దానికి మూడు దాటింది. కొస చూసే పని నాదే. మేడ మీది నీళ్ళ ట్యాంకు అంచుని గురి పెట్టుకుని కంచం పట్టుకుని నిలబడ్డాను. గేటు దగ్గర ఎవరూ లేరు. గొళ్ళెం పెట్టాను, సరిపోతుందనుకున్నాను. నేను చేసిన తప్పు అది. రంపం చప్పుడులో గొళ్ళెం చప్పుడు వినబడలేదు. చెట్టు మూలిగింది. ఎందుకో తల దించాను. తివారీ గారు స్కూటరు తోసుకుంటూ లోపలికి వస్తున్నారు. పొద్దున మా వరండాలో స్టాండు వేసుకుంటానని అడిగారు, సరేనన్నాను, మరిచిపోయాను. కంచాన్ని ఎలా కొట్టానో తెలియదు, గరిటె వంగిపోయింది. రంపం ఆగింది గానీ చెట్టు ఆగే దశ దాటిపోయింది. తివారీ గారు స్కూటరు వదిలేసి వెనక్కి దూకారు. మొద్దు కప్పీ లాగిన వైపే వెళ్ళింది. పక్కకి విరిగిన పంగ ఒకటి స్కూటరు హ్యాండిల్ మీద పడింది. ఆయన అరుగు మీద కూర్చుని చాలాసేపు తన మోకాళ్ళు చూసుకున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగైంది. రాజ్‌కిరణ్ గొలుసు దింపి, తన తాళం తీశాడు. నేను కొంగు ముడి విప్పి చెవి తీశాను. అతను పిడికి అడ్డంగా చెయ్యి పెట్టి, "నహీఁ చాచీ. జిస్‌కా తాలా, వహీ ఖోలేగా. చాచా కో బులాయియే" అన్నాడు. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలట, ఆయన్ని పిలవమంటున్నాడు.

ఆయనకి ఒంట్లో బాగాలేదన్నాను. అయితే కుర్చీలో తీసుకువద్దాం, నేనే మోసుకొస్తాను అన్నాడు. వీధంతా బయటికి వచ్చింది. ఫ్యాన్లు లేవు, అందరికీ చెమటలు. అందరికీ నిజం తెలుసు, నా వైపే చూస్తున్నారు. నేనే కోపంగా, "ఆయన రారు బాబూ" అన్నాను. "కబ్ తక్ ఆయేంగే?" అని, ఎప్పటికి వస్తారో చెప్పమన్నాడు.

సూర్యం, నాలుగు నెలలుగా నాతో పాటు కరెంటు బిల్లు మీద, రేషను కార్డు మీద, నీ ఉత్తరాల మీద ఆయన ఉన్నారు. ఆ పిల్లవాడు ఆయన కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపైనా నిలబడేలా ఉన్నాడు. నాకు భయం వేసింది. నిజంగా వస్తారేమోనని గుమ్మం వైపు చూశాను. అప్పుడు తెలుగులో, అందరూ వినేలా, "మా ఆయన చచ్చిపోయారు, నవంబరులో" అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

రాజ్‌కిరణ్ హెల్మెట్ తీసేశాడు. "తో కాగజ్ బనేగా", అయితే కాగితం రాయాలి అని, పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, స్తంభానికి ఆనించి రాశాడు. తాళం యజమాని: ధర్మరాజు. రాలేకపోవడానికి కారణం అన్నచోట కలం నాకిచ్చాడు. నేను రాశాను. కింద తను సంతకం చేశాడు. దాని కింద ఖాళీ వదిలి, "జోడీదార్ కౌన్ థా?" అని అడిగాడు. నీ పేరు చెప్పాను. ఆయనకి పంపించండి, ఇక్కడ పెట్టాల్సింది ఆయన సంతకమే అన్నాడు. వీధి ఉక్కపోతలో ఉందని ఈసారికి నియమం సడలిస్తున్నానన్నాడు. నా చేతిలో చెవి తీసుకుని, తాళం తీసి, రెండు చేతులతో నాకిచ్చాడు. పిడి పైకి ఎత్తాడు. అందరి ఇళ్ళలో ఫ్యాన్లు తిరిగాయి.

నీ దగ్గర దాచినందుకు క్షమించమని అడగడం లేదు. నువ్వు ఒరే అని రాసినన్నాళ్ళూ ఆ ఉత్తరం అందుకోవడానికి ఒక మనిషి ఉన్నట్టుండేది. ఇప్పుడు పెరడంతా ఎండ. కుర్చీ ఎక్కడ వెయ్యాలో తెలియడం లేదు.

కస్తూరమ్మ


సోంపేట
14 ఏప్రిల్ 2024

వదినా,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. మూడు రోజులు తలుపు తియ్యలేదు. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారట, నాకెలా తెలుస్తుంది?

ముందు కోపం చెప్పేస్తాను. నేను ఇద్దరు మనుషులకని రాశాను. కొస చూడటానికి ఒకరు, గేటు దగ్గర ఒకరు. ఒక్కరే ఉన్నారని తెలిస్తే చెట్టు జోలికి వెళ్ళవద్దని రాసేవాణ్ణి, లేదా ఆ రాత్రే రైలెక్కేవాణ్ణి. చెవులు పోయాయి గానీ గేటు దగ్గర నిలబడటానికి కాళ్ళున్నాయి. తివారీ గారికి ఏమైనా అయి ఉంటే అది మీ ఒక్కరి తప్పు అయ్యేది కాదు, నాది కూడా అయ్యేది. నన్ను అడగకుండా మీరు నన్ను అందులోకి లాగారు. ఇలా ఇంకెప్పుడూ చెయ్యకండి.

కోపం అయిపోయింది. ఆ కుర్చీ వరండాలోకి తెచ్చుకోండి. మీరే కూర్చోండి.

వాడు నన్ను గేటు దగ్గర చూశాడన్న ముక్క, ముందటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాక ఏడుపు ఆగలేదు. పిలిచి ఉంటే ఆ రోజే ఏడ్చేసేవాణ్ణి, ఇద్దరం ఏడ్చేవాళ్ళం. వాడు నాకు ఐదేళ్ళు వాయిదా ఇచ్చాడు.

కాగితం వెనక్కి పంపుతున్నాను. కారణం అన్నచోట మీరు "ఇక రారు" అని రాశారు. దాని కింద జోడీ పనివాడు అన్న ఖాళీలో సంతకం పెట్టాను. ముప్పయ్యేళ్ళు పెట్టకుండా దాటిన సంతకం. ఆ పిల్లవాడికి ఇవ్వండి, పుస్తకంలో అతికించుకోమనండి. పద్ధతి తెలిసిన మనిషి అతను.

తాళం గ్రీజు గుడ్డలో చుట్టి మళ్ళీ పెట్టెలో పెట్టకండి. తలుపుకి వాడుకోండి. వచ్చే నెల ఇరవై తర్వాత నేను వస్తున్నాను. నా మొద్దు మీద కాసేపు కూర్చుంటాను. మీరు మాట్లాడితే నాకు వినబడదు, పలక ఒకటి కొని ఉంచండి.

కవరు మీద అలవాటు చొప్పున వాడి పేరే రాసేశాను. కొట్టేసి పక్కన మీ పేరు రాశాను. వేరే కవరు తెచ్చుకోవచ్చు గానీ మనసు ఒప్పలేదు. కొట్టివేత కనబడుతుంది, ఏమీ అనుకోకండి.

సూర్యం